కొండ కదలకముందే మనం కదలాలి

2024 ఆగస్టు మొదటి వారంలో మా పాఠశాలలో వయనాడ్ బాధితుల కోసం ఒక డబ్బా పెట్టాం. పిల్లలు టిఫిన్‌కు ఇచ్చిన పది రూపాయలు, ఇరవై రూపాయలు అందులో వేశారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె డబ్బులు వేసి, వెళ్లకుండా అక్కడే నిలబడింది. "వాళ్లకు ముందు ఎవరూ చెప్పలేదా సార్?" అని అడిగింది. "చెప్పే ఏర్పాట్లు ప్రభుత్వానికి ఉంటాయమ్మా" అని అప్పటికి ఏదో చెప్పి పంపేశాం.

ఆ జవాబు మాకే నచ్చలేదు. దాదాపు ముప్పై ఏళ్లుగా సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాం. కొండచరియలు విరిగిపడటం అన్నది మా దృష్టిలో రెండు మార్కుల ప్రశ్న. నిర్వచనం ఒకటి, కారణాలు నాలుగు. పిల్లలు బట్టీ పట్టి రాస్తారు, మేము మార్కులు వేస్తాం. ఆ కొండ కింద పడుకున్న మనిషికి ఆ రాత్రి ఎవరు చెప్పాలి, చెబితే ఆయన ఎటు వెళ్లాలి అన్నది మేము ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు సరైన జవాబు వెతుక్కుంటూ మేము నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం. ఎక్కడ ఆపద వచ్చినా ముందుగా చేయి చాచే దాతలు చదివే సంచిక కాబట్టి, ఈ పాఠం ఇక్కడ రాయడం సబబని అనుకున్నాం.

ఆ రాత్రి జరిగింది

కేరళలోని వయనాడ్ జిల్లా మెప్పాడి పంచాయతీలో ముండక్కై, చూరల్‌మల, పుంచిరిమట్టం అనే ఊళ్లున్నాయి. చుట్టూ తేయాకు, ఏలకుల తోటలు. తోట కూలీలు, చిన్న రైతులు, దుకాణదారులు ఉండే చోట్లు. 2024 జూలై 30 తెల్లవారుజామున, అందరూ గాఢ నిద్రలో ఉన్న వేళ, పైన కొండ విరిగింది. మట్టి, బండలు, చెట్లు నీటితో కలిసి ఏటి వెంట దూసుకొచ్చాయి. కాసేపటికి మళ్లీ ఒకసారి వచ్చాయి. చూరల్‌మల వంతెన కొట్టుకుపోవడంతో ముండక్కై వైపున్న వాళ్లు అటే చిక్కుకుపోయారు. సైన్యం ఇనుప బెయిలీ వంతెన కట్టేదాకా పెద్ద యంత్రాలు అవతలికి వెళ్లలేదు. రెండు వందల యాభై మందికి పైగా చనిపోయారు. కొందరి మృతదేహాలు చాలియార్ నదిలో కొట్టుకుపోయి పక్కనున్న మలప్పురం జిల్లాలో దొరికాయి.

మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, అంటే ఎన్ఆర్ఎస్సీ, ఉపగ్రహ చిత్రాలతో ఆ చోటును పరిశీలించింది. కొండ విరిగిన మొదలు సముద్రమట్టానికి 1,550 మీటర్ల ఎత్తున ఉంది. తెగిపోయిన భాగం 86 వేల చదరపు మీటర్లు. అక్కడినుంచి బురద, బండలు సుమారు 8 కిలోమీటర్ల దూరం పారాయి. ఈ చివరి అంకెను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. చనిపోయిన వాళ్లలో చాలామంది విరిగిన కొండ మీద లేరు. దానికి దూరంగా, కిందనున్న ఏటి ఒడ్డున ఉన్నారు.

వెల్లార్‌మలలోని ప్రభుత్వ పాఠశాల కూడా ఆ ఏటి పక్కనే ఉంది. ఆ బడి పిల్లలు ఎందరో చనిపోయారు. ఈ ప్రమాదం రాత్రి కాకుండా పగలు బడి జరుగుతున్న వేళ వచ్చి ఉంటే ఏమయ్యేదో, ఉపాధ్యాయులుగా మేము ఆలోచించడానికే భయపడ్డాం. సెప్టెంబరు 2న ఆ బడి మెప్పాడిలో మళ్లీ మొదలైంది.

కొండ ఎందుకు జారుతుంది?

కొండ అంటే మొత్తం ఒకే రాయి కాదు. అడుగున గట్టి రాయి, దాని మీద ఏళ్ల తరబడి చివికి మెత్తబడిన రాయి, ఆ పైన మట్టి ఉంటాయి. మట్టిని వాలు మీద పట్టి ఉంచేది రేణువుల మధ్య రాపిడి, చెట్ల వేళ్లు. వాన నీరు ఇంకేకొద్దీ మట్టి బరువు పెరుగుతుంది. రేణువుల మధ్య చేరిన నీరు వాటిని ఒకదాని నుంచి ఒకటి నెడుతుంది. రాపిడి తగ్గుతుంది. ఒక హద్దు దాటాక పైపొర అడుగు రాయి మీద నుంచి జారిపోతుంది.

వాన లెక్కను మిల్లీమీటర్లలో చెబితే మనకు మనసుకెక్కదు. మేము తరగతిలో ఇలా చెప్పడం మొదలుపెట్టాం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. జూలై 30 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ఆ ప్రాంతంలో 372 మిల్లీమీటర్లు, మొత్తం 48 గంటల్లో 572 మిల్లీమీటర్లు కురిసినట్టు కేరళ ప్రభుత్వం తెలిపింది. 372 మిల్లీమీటర్లు అంటే ఒక ఎకరం మీద దాదాపు 15 లక్షల లీటర్లు. మన వీధుల్లోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు వందలు తెచ్చి, ఒక్క రోజులో, ఒక్క ఎకరం వాలు మీద ఒంపినట్టు. వంద గజాల ఇంటి స్థలం లెక్కన చూసినా 31 వేల లీటర్లు. ఈ లెక్క వేశాక పిల్లలు ఇంక కారణాలు బట్టీ పట్టలేదు.

వాన ఒక్కటే కారణం కాదు. ఇంటి కోసమో రోడ్డు కోసమో వాలు అడుగున తవ్వితే పైభాగానికి ఊతం పోతుంది. వాగుకు అడ్డంగా కట్టడం లేస్తే నీరు కొత్త దారి వెతుక్కుంటుంది. లోతుగా వేళ్లూనే చెట్లు పోతే మట్టిని పట్టేది ఉండదు. వాన దేవుడి చేతిలోనిది. మిగిలినవి మన చేతిలోవి.

ప్రభుత్వం వేసిన నాలుగు మెట్లు

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదనడం తేలిక. అది నిజం కాదు. జరుగుతున్న పనిని నాలుగు మెట్లుగా చూస్తే, ఎక్కడ అడుగు తప్పుతోందో మనకే తెలుస్తుంది.

మొదటి మెట్టు, ప్రమాదం ఎక్కడుందో తెలుసుకోవడం. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క ప్రకారం, మంచు ప్రాంతాలు మినహాయించి దేశ భూభాగంలో 12.6 శాతం, అంటే సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు, కొండచరియల ప్రమాదం ఉన్న నేల. అందులో హిమాలయాలది పెద్ద వాటా. పడమటి కనుమలు, కొంకణ్ కలిపి 90 వేల చదరపు కిలోమీటర్లు. మన అరకు వైపు తూర్పు కనుమలు 10 వేలు. ఈ నేలకు ప్రమాద పటాలు తయారుచేసే జాతీయ కార్యక్రమం 2014లో మొదలైంది. 2023లో ఎన్ఆర్ఎస్సీ దేశానికి కొండచరియల అట్లాసు విడుదల చేసింది. 17 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లోని 147 జిల్లాలను ప్రమాదాన్ని బట్టి వరుసలో పెట్టింది.

ఈ పటాలకున్న హద్దు కూడా తెలుసుకోవాలి. జాతీయ పటం కొలమానం 1:50,000. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. పది మీటర్ల వెడల్పున్న ఇల్లు ఆ పటంలో మిల్లీమీటరులో ఐదో వంతు, పెన్ను చుక్క కంటే చిన్నది. ఆ పటం తాలూకాకు దారి చూపుతుంది. మీ వీధిలో ఏ ఇల్లు ఖాళీ చేయాలో చెప్పదు. ఆ పని స్థానికంగా, ఊరివాళ్ల జ్ఞాపకాన్ని కలుపుకొని చేయాల్సిందే. ముండక్కైలో 1984లోనే కొండ విరిగి మనుషులు చనిపోయారు. అక్కడికి దగ్గర్లోని పుత్తుమలలో 2019 ఆగస్టు 8న 17 మందిని మట్టి మింగింది. ఊరి పెద్దలకు ఆ కొండ స్వభావం తెలుసు.

రెండో మెట్టు, ముందుగా చెప్పడం. 2024 జూలై 19న కోల్‌కతాలో జాతీయ కొండచరియల ముందస్తు సూచన కేంద్రాన్ని అప్పటికి కేంద్ర గనుల మంత్రిగా ఉన్న మన జి. కిషన్ రెడ్డి ప్రారంభించారు. భూసంకేత్ అనే పోర్టల్, భూస్ఖలన్ అనే మొబైల్ యాప్ కూడా అప్పుడే వచ్చాయి. అంతకు ముందు బ్రిటిష్ శాస్త్రవేత్తల సహకారంతో డార్జిలింగ్, నీలగిరి జిల్లాల్లో ప్రయోగాలు చేసి, వానాకాలంలో రోజూ జిల్లా అధికారులకు సూచనలు పంపడం మొదలుపెట్టారు. కేంద్రం ప్రారంభమైన 11 రోజులకే వయనాడ్ విషాదం. కొత్తగా పుట్టిన ఏర్పాటు కొండంత వానకు ఎదురునిలవాల్సి వచ్చింది.

మూడో మెట్టు, మనుషుల్ని తయారుచేయడం. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉంటుంది. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కొండచరియల మీద 2009లో మార్గదర్శకాలు, 2019లో ఒక జాతీయ వ్యూహం ఇచ్చింది. బడుల భద్రత మీద 2016లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది ఆపద మిత్ర పథకం 30 జిల్లాల్లో మొదలై, తర్వాత 350 జిల్లాలకు, లక్ష మంది వాలంటీర్ల లక్ష్యంతో విస్తరించింది. ఊళ్లోని యువకులకు, యువతులకు రక్షణ పనుల్లో శిక్షణ ఇవ్వడం దీని ఉద్దేశం.

నాలుగో మెట్టు, ప్రమాదపు చోటు నుంచి శాశ్వతంగా మార్చడం. ఇదే అన్నిటికంటే కష్టం. వయనాడ్ బాధితుల కోసం కల్పెట్ట దగ్గర ఎల్‌స్టన్ ఎస్టేట్‌లో కొత్త కాలనీకి 2025 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. మనుషులు పోయాక ఇల్లు కట్టివ్వడం ఇది. పోకముందే మార్చగలిగితేనే నాలుగో మెట్టు ఎక్కినట్టు.

ఎక్కడ అడుగు తప్పింది?

వయనాడ్ తర్వాత పార్లమెంటులోనూ బయటా పెద్ద వాదన జరిగింది. ముందుగానే హెచ్చరికలు పంపామని కేంద్రం అంది. వాతావరణ శాఖ చెప్పింది 115 నుంచి 204 మిల్లీమీటర్ల వాన అనీ, పడింది అంతకు ఎంతో ఎక్కువనీ, రెడ్ అలర్ట్ వచ్చింది ప్రమాదం జరిగిపోయాకనే అనీ కేరళ ముఖ్యమంత్రి అన్నారు. ఎవరిది ఒప్పు అన్న తగవులోకి మేము పోము. ఆ వాదన మధ్యలో బయటపడ్డ ఇంకో సంగతి మనకు ముఖ్యం.

కల్పెట్టలో హ్యూమ్ సెంటర్ అనే ఒక పరిశోధన సంస్థ ఉంది. అది వయనాడ్ జిల్లా అంతటా రెండు వందలకు పైగా చోట్ల వాన కొలిచే ఏర్పాటు చేసుకుంది. రైతులు, స్థానికులు రోజూ కొలిచి లెక్క పంపుతారు. 2020లో ముండక్కైలో వాన హద్దు దాటుతోందని ఈ సంస్థ చెప్పింది. అధికారులు జనాన్ని తరలించారు. కొండ విరిగింది, ప్రాణనష్టం తప్పింది. 2024లోనూ అదే సంస్థ జూలై 29 ఉదయమే, అంటే ప్రమాదానికి పదహారు గంటల ముందు, జిల్లా యంత్రాంగానికి చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఈసారి ఊళ్లు పూర్తిగా ఖాళీ కాలేదు.

అదే కొండ, అదే సంస్థ, అదే రకం హెచ్చరిక. ఒకసారి మనుషులు దక్కారు, ఒకసారి పోయారు. హెచ్చరిక చేరడం ఒక పని, మనిషి గడప దాటడం ఇంకో పని. యంత్రాలు, ఉపగ్రహాలు, యాప్‌లు మొదటి పనికి. రెండో పనికి ఏం ఉందో మనల్ని మనం అడగాలి.

మనిషి ఎందుకు కదలడు?

వయనాడ్ జరిగిన దాదాపు నెలకు, 2024 ఆగస్టు 31న, మా విజయవాడలోనే మొగల్రాజపురంలో కొండ మీది రాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాటి నుంచి బుడమేరు వరద ఊరిని ముంచింది. బడులు చాలా రోజులు మూతపడ్డాయి. తెరిచాక ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మళ్లీ మా దగ్గరికి వచ్చింది. వాళ్ల ఇల్లు వేరే కొండ వాలున, మెట్ల మీద ఉంది.

"మాకు చెప్పారు సార్. మైకులో చెప్పారు, కిందికి దిగిపొమ్మని. నాన్న తాళం వేసి వెళ్దాం అన్నారు. నాయనమ్మ, ఈ వానలో ఈ మెట్లు దిగి ఎక్కడికి పోతాంరా అంది. ఉండిపోయాం. రాయి మా ఇంటి మీద పడలేదు, అంతే."

ఈ మాటకు మా దగ్గర ఏ పాఠ్యపుస్తకపు జవాబూ లేదు. ఆ ముసలమ్మను మూర్ఖురాలు అనడం తప్పు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న: ఎక్కడికి? ఆ తర్వాత కొండ వాలుల్లో ఉండే పిల్లల ఇళ్లకు వెళ్లి, పెద్దవాళ్లతో మాట్లాడాం. వాళ్లు చెప్పిన కారణాలు ఇవి.

ఎక్కడికి వెళ్లాలో తెలియదు. తెలిసినా అక్కడ తలుపు తీసి ఉంటుందో లేదో తెలియదు. ఇల్లు వదిలితే సామాను పోతుందని భయం. మేకలు, కోళ్లు ఉన్నవాళ్లు వాటిని వదల్లేరు. మోకాళ్ల నొప్పుల వాళ్లు రాత్రిపూట తడి మెట్లు దిగలేరు. పది మంది మగవాళ్లున్న హాల్లో మా ఆడపిల్లలను ఎలా పడుకోబెడతాం, మరుగుదొడ్డి సంగతేమిటి అని తల్లులు అడిగారు. నిరుడు కూడా ఇలాగే చెప్పారు, ఏమీ కాలేదు అన్నవాళ్లూ ఉన్నారు. రాత్రంతా జాగారం చేస్తే తెల్లారి కూలికి పోలేం అని ఒకాయన సూటిగా చెప్పారు.

ఒక్క కారణం కూడా కొండకు సంబంధించింది కాదు. తాళం, తలుపు, మరుగుదొడ్డి, కూలి. ఇవన్నీ ఊరివాళ్లు కూర్చొని తీర్చుకోగలిగినవి.

పోయినసారి ఏమీ కాలేదు అన్న మాటకు మాత్రం వేరుగా జవాబు చెప్పాలి. కొండ ఏ గంటకు విరుగుతుందో చెప్పే శాస్త్రం ఇంకా ఎక్కడా లేదు. విరిగే పరిస్థితి వచ్చిందని మాత్రమే చెప్పగలరు. కాబట్టి చాలాసార్లు దిగి, ఏమీ కాకుండా తిరిగి ఎక్కాల్సి వస్తుంది. దాన్ని అబద్ధపు హెచ్చరిక అనుకోకూడదు. బైకు మీద పోయిన ప్రతిసారీ పడిపోలేదని హెల్మెట్ మానేయం కదా.

హాంకాంగ్ నేర్పింది

ప్రభుత్వమూ ప్రజలూ కలిసి దీర్ఘకాలం పనిచేస్తే ఫలితం ఎలా ఉంటుందో తెలియాలంటే హాంకాంగ్‌ను చూడాలి. నిటారు కొండలు, కిక్కిరిసిన జనం, తుపాను వానలు. 1972 జూన్ 18న అక్కడ రెండు చోట్ల వాలు విరిగి 138 మంది చనిపోయారు. 1976లో మళ్లీ ప్రాణనష్టం జరిగింది. ఆ దెబ్బతో 1977లో అక్కడి ప్రభుత్వం వాలుల భద్రత కోసమే ఇంజనీర్ల కార్యాలయాన్ని పెట్టింది.

వాళ్లు చేసిన పని ఆర్భాటమైనది కాదు. మనుషులు తవ్వి కట్టిన వాలులన్నిటినీ లెక్కపెట్టారు. సుమారు 60 వేలు తేలాయి. మన బండ్లకు నంబరు ప్లేటు ఉన్నట్టు ప్రతి వాలుకూ ఒక నంబరు బిగించారు. ఆ వాలు ఎవరిదో, దాన్ని ఎవరు బాగుచేయించాలో రాసిపెట్టారు. సొంతదారుడు కాలువలు శుభ్రం చేయించాలి, గోడలు చూసుకోవాలి. వాన హద్దు దాటగానే రేడియో, టీవీల్లో హెచ్చరిక వస్తుంది. ఇదంతా ఏళ్ల తరబడి, ప్రమాదం లేని ఏడాది కూడా ఆపకుండా చేశారు. ఇప్పుడు అక్కడ కొండచరియల వల్ల చనిపోయేవాళ్లు ఎంతో అరుదు. వాన తగ్గలేదు, కొండలు తగ్గలేదు.

మన వీధి చివర ఉన్న రిటైనింగ్ వాల్ ఎవరిది? ఎప్పుడు కట్టారు? దాని నీటి గొట్టాలు పూడిపోయి ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన మనిషి మన కొండ వాడల్లో ఎంతమంది ఉంటారు?

మన నేల మీద

తూర్పు కనుమల్లో అరకు, పాడేరు వైపు వానాకాలంలో ఘాట్ రోడ్ల మీద చరియలు పడటం, కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద బండలు దొర్లి రైళ్లు ఆగడం మనకు కొత్త వార్త కాదు. 2024 సెప్టెంబరు వానలకు అల్లూరి జిల్లా మన్యంలోనూ కొండలు జారాయి. విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ప్రమాదం వేరే రూపంలో ఉంటుంది. ఇక్కడ మట్టి నదిలా పారడం కంటే పగుళ్లిచ్చిన బండ ఊడి పడటం, ఇంటి వెనక తవ్విన గట్టు కూలడం ఎక్కువ. కొండ వాలున ఇల్లు కట్టుకున్నది పేదవాడే. కింద స్థలం కొనే శక్తి లేక పైకి ఎక్కాడు.

ప్రమాదం ముందు కొండ కొన్ని గుర్తులు ఇస్తుంది. నేలలోనో గోడలోనో కొత్త పగుళ్లు. నిన్నటిదాకా మామూలుగా పడిన తలుపు ఇవాళ బిగుసుకోవడం. స్తంభాలు, చెట్లు ఒరగడం. ఊట లేని చోట ఊట పుట్టడం. వాగు నీరు ఉన్నట్టుండి బురదగా మారడం, లేదా వాన పడుతుండగానే వాగు సన్నబడటం. ఇలా సన్నబడితే పైన ఎక్కడో అడ్డుకట్ట పడిందని అర్థం. పైనుంచి ఉరుము లాంటి మోత. వీటిలో ఏది కనిపించినా అధికారుల మైకు కోసం ఆగకూడదు. దిగేటప్పుడు వాగు వెంట పరుగెత్తకూడదు, వాగుకు పక్కగా, దూరంగా పోవాలి. ఆ ఎనిమిది కిలోమీటర్ల లెక్క ఇందుకే గుర్తుపెట్టుకోమన్నాం. ఏటి ఒడ్డు చదునుగా ఉందని అక్కడ తలదాచుకోవడం క్షేమం కాదు.

దాతలకు మా మనవి

ఆపద జరిగాక బియ్యం, దుప్పట్లు, వంట సామాను పంపడంలో మనవాళ్లు ఎప్పుడూ వెనకబడలేదు. దాన్ని తగ్గించమని మేము అనడం లేదు. ఆ డబ్బులో ఒక చిన్న వాటాను వానాకాలానికి ముందే, ఏమీ జరగని ఊరిలో ఖర్చు పెట్టమని అడుగుతున్నాం. దీనికి ఫోటోలు రావు, పత్రికల్లో వార్త రాదు. ఎవరి ప్రాణం నిలిచిందో కూడా ఎప్పటికీ తెలియదు. అందుకే దీనికి ఇచ్చేవాళ్లు తక్కువ. మాకు తోచిన పనులు ఇవి.

ఒకటి. కొండ వాడలకు దగ్గరగా ఉన్న ప్రతి బడికీ ఒక వర్షమాపకం, ఒక రిజిస్టరు. పిల్లలు రోజూ ఉదయం కొలిచి రాస్తారు. రెండు మూడేళ్లలో మన కొండకు ఎంత వాన ఎక్కువో మనకే తెలుస్తుంది. వయనాడ్ రైతులు చేసింది ఇదే.

రెండు. ప్రతి వాడకూ హ్యాండ్ మైకు, టార్చిలైట్లు, తాడు. భారీ వానలో కరెంటు పోతుంది, ఫోన్లు మూగబోతాయి. మసీదు మైకు, గుడి మైకు, చర్చి గంట ఆ రాత్రి ఏ మతానికీ వేరు కాదు. మూడు చోట్లా ఒకే మాట వినిపించాలని పెద్దలు ముందే అనుకోవాలి.

మూడు. రాత్రికి తలదాచుకునే చోటు. ఫంక్షన్ హాలు, మదరసా, బడి, ఏదైనా సరే. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వాడ అంతా తెలియాలి. ఆడవాళ్లకు వేరే గది, వేరే మరుగుదొడ్డి ఉండాలి. ఇది లేకపోతే తల్లులు కదలరు. మిగిలిన ఏర్పాట్లన్నీ వృథా.

నాలుగు. నడవలేని వాళ్ల జాబితా. ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారు, ఎవరు నిండు గర్భిణి, ఎవరిని ఏ ఇద్దరు మోసుకురావాలి అన్నది పేర్లతో రాసి ఉండాలి. ఆపద మిత్ర శిక్షణకు మన యువకుల్ని, ఆడపిల్లల్ని పంపితే ఈ పని వాళ్లే చేస్తారు.

ఐదు. రాత్రి జాగారం వల్ల కూలి పోయినవాళ్లకు ఆ ఒక్క పూట ఇచ్చే చిన్న నిధి. ఇది దానం అనిపించకపోవచ్చు. మనిషిని గడప దాటించేది ఇదే అయితే, దుప్పటి కంటే ఇది తక్కువేమీ కాదు.

ఆరు. ఇది కాస్త కటువైన మాట, మన్నించాలి. పేదవాడి ఇంటికి సాయం చేసేటప్పుడు మనం రేకులు, సిమెంటు లెక్క చూస్తాం గాని స్థలం చూడం. వాలు అడుగున తవ్వి కట్టే గదికి మనం ఇచ్చిన డబ్బే ఆ కుటుంబానికి ప్రమాదం కావచ్చు. ఇవ్వకముందు ఒక ఇంజనీరును తీసుకెళ్లి చూపించాలి. గోడ, నీటి కాలువ ముందు, గది తర్వాత. చోటు పనికిరాదని ఆయన అంటే, ఆ కుటుంబానికి వేరే చోటు ఇప్పించమని అధికారుల దగ్గరికి మనమే తోడు వెళ్లాలి. ప్రభుత్వం చేయాల్సిన పనిని మనం నెత్తిన వేసుకోమని కాదు. అడిగేవాళ్లు వెంట ఉంటే అది చేస్తుంది.

చివరిగా

మరుసటి ఏడు వానలకు ముందు ఒక ఆదివారం, ఆ అమ్మాయి వాడలోనే పిల్లలతో, పెద్దలతో ఒక అభ్యాసం చేశాం. మైకులో చెప్పగానే అందరూ ఇళ్లు దిగి బడికి చేరాలి. పగలు ఒకసారి, చీకటి పడ్డాక టార్చీలతో ఒకసారి. రాత్రిపూట దాదాపు రెట్టింపు సమయం పట్టింది. మెట్ల మలుపులో ఇసుక కుప్ప అడ్డం ఉందని, బడి వెనక గేటు తుప్పు పట్టి తెరుచుకోవడం లేదని అప్పుడే తెలిసింది. రెండూ మర్నాడే సరిచేశాం. ఆ ఇసుక కుప్ప, ఆ గేటు నిజమైన రాత్రి మాకు ఎదురై ఉంటే ఏమయ్యేదో.

ఆ అమ్మాయి నాయనమ్మ కూడా వచ్చింది. మనవరాలు ఒక పక్క, పక్కింటి కుర్రాడు ఒక పక్క పట్టుకొని దింపారు. బడి గది చూసింది, మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయో లేదో కుళాయి తిప్పి చూసింది. "ఇక్కడికే అని ముందే చెబితే అప్పుడే వచ్చేదాన్ని కదయ్యా" అంది.

"వాళ్లకు ముందు ఎవరూ చెప్పలేదా సార్?" అన్న ప్రశ్నకు మేము ఇప్పుడు తరగతిలో చెప్పే జవాబు ఇది. చెప్పారమ్మా. ఎక్కడికి వెళ్లాలో, ఎవరు తోడు వస్తారో మాత్రం ఎవరూ చూపించలేదు. అది చూపించడం మనందరి పని.